రోకలిబండ చుట్టాలు

ఫోన్ మోగినప్పుడు నేను హైదరాబాదులో, ల్యాబ్‌లో ఉన్నాను. తెర మీద మేడం నంబరు, డిగ్రీలో నాకు జువాలజీ చెప్పిన మా సార్ భార్యది. ఆమె తనంతట తానుగా నాకెప్పుడూ ఫోన్ చేసేది కాదు. సార్ చేసి, తన మాటలన్నీ అయిపోయాక, "ఇగో, మీ మేడం మాట్లాడ్తదట" అని ఆమెకిచ్చేవారు.

"మీ సార్ పోయిన్రు బిడ్డా," అంది. ఏడవలేదు. "పొద్దుగాల చాయ్ తాగిన్రు. ఇంకింత పొయ్యమన్నరు. డాక్టర్ కొలిచి తాగమన్నడు గదా, వద్దంటిని. గ్లాసు కడిగొచ్చేసరికి ఖతం. ఇంకింత పోస్తే ఏంబోయేది చెప్పు?"

ఆమే మళ్ళీ, "పైలంగ రా. బస్సుల కిటికీ కాడ కూసోకు, జలుబు చేస్తది," అని ఫోన్ పెట్టేసింది. భర్త పోయిన గంటలో నా జలుబు గురించి ఆలోచించిన మనిషి ఆమె. నేను ఎదురుగా ఉన్న చిన్న చిన్న ప్లాస్టిక్ గొట్టాలను ఒక్కొక్కటే మూతపెట్టి, ఫ్రిజ్‌లో సర్ది, ఆ తర్వాత గానీ ఏడవలేకపోయాను.

మర్నాడు జిల్లా పేపర్లో చిన్న ఫొటో వేశారు. విశ్రాంత జంతుశాస్త్ర అధ్యాపకుడు, సూర్యాపేటలో ఎందరో శిష్యులను తీర్చిదిద్దారు అని రాశారు. తప్పేం లేదు. కానీ ఏ మనిషి గురించైనా రాసుకోవచ్చు ఆ మాట. రోకలిబండ ఊసే లేదు అందులో. అందుకే ఇది రాస్తున్నాను.

వానాకాలం మొదట్లో గోడల వెంట, బాత్రూం మూలల్లో, తడిసిన కట్టెల కింద పాకుతూ, ముట్టుకుంటే చుట్ట చుట్టుకుపోయే పురుగు మీకు తెలిసే ఉంటుంది. పిల్లలు రైలు పురుగు అంటారు. చీపురుతో ఊడ్చి బయట పారేస్తాం. అదే రోకలిబండ. మా సార్ ఉద్యోగంలో చేరిన నాటి నుంచి దాని చుట్టాలెవరో వెతుకుతూనే ఉన్నారు. నవ్వొస్తోందా? మొదట్లో నాకూ వచ్చింది.

రెండువేల ఒకటిలో సూర్యాపేట డిగ్రీ కాలేజీలో బీజెడ్‌సీలో చేరాను. మాది కోదాడ. రోజూ బస్సులో రాకపోకలు. మొదటి క్లాసులో సార్ పాఠం చెప్పలేదు. ఒక్కొక్కరినీ లేపి ఏ ఊరు, ఎవరి పిల్లలు, అమ్మగారిది ఏ ఊరు అని అడుగుతూ కూర్చున్నారు. మా వైపు అంతే కదా, కొత్తవాళ్ళు కనిపిస్తే ఏదో ఒక వరుస కలిసేదాకా వదిలిపెట్టరు. నా వంతు వచ్చింది.

"కోదాడండి," అన్నాను.

"అందుకే అండి అంటున్నవ్. బార్డరోళ్ళు మీరు, ఆడ ఒక కాలు, ఈడ ఒక కాలు," అన్నారు. క్లాసంతా ఘొల్లుమంది. నాకు ఒళ్ళు మండింది. ముక్కు మీద కోపం నాకు, అప్పుడూ ఇప్పుడూ.

తర్వాత ఆయన సంచీలోంచి టిఫిన్ డబ్బా తీసి, మూత తెరిచి, మా బెంచీ మీద బోర్లించారు. పొడవాటి నల్లటి రోకలిబండ ఒకటి జారి పడింది. నేను కెవ్వుమన్నాను. "ఎందుకు భయం? మనకంటె ఎంత పాతోడు వీడు! మనమెవ్వలం లేనప్పుడు భూమి మీద నడిచిండు. గిప్పటిదాంక అందరి చుట్టాలను అడిగినం, గిప్పుడు వీన్నడుగుదాం," అన్నారు. రోకలిబండకూ జెర్రికీ చుట్టరికం ఎంత దగ్గర? పీతలతో దగ్గరా, ఈగలూ మిడతలతో దగ్గరా? ఒకే తల్లి పిల్లలా, దాయాదులా? పెద్ద పెద్ద వాళ్ళే ఇంకా కొట్లాడుకుంటున్నారని చెప్పారు. "పేరుదేముంది, ఎవడో ఒకడు పెడ్తడు. చుట్టాలెవరో తెల్వాలె," అన్నది ఆ రోజే మొదటిసారి విన్నాను. ఆ తర్వాత ఎన్నిసార్లు విన్నానో లెక్కలేదు.

మఠంపల్లి అవతల కృష్ణా నది వైపు పోయే దారిలో ఒక సున్నపురాయి గుట్ట ఉండేది. వానలు పట్టుకున్నాక ఏదో ఒక ఆదివారం సార్ అక్కడికి బయల్దేరేవారు. ఇష్టమున్న విద్యార్థులు వెంట వెళ్ళవచ్చు. మేడం మాత్రం తప్పకుండా వచ్చేది. "ఒక్కరినే పంపితె పురుగులను తెచ్చి చెప్పులు ఆడ్నే మరిచొస్తరు," అనేది. గుట్ట కింద గొడుగేసుకుని, పులిహోర డబ్బా ఒళ్ళో పెట్టుకుని, పైన రాళ్ళలో తలదూర్చి ఉన్న మొగుణ్ణి చూస్తూ కూర్చునేది.

ఆ గుట్ట రాళ్ళ పగుళ్ళలో, లోపలెక్కడో వాననీళ్ళు జారే చోట, ఒక తెల్లటి రోకలిబండ ఉండేది. అచ్చం ఉడికిన అన్నం రంగు. చిటికెన వేలిలో సగం పొడుగు, చదునైన వీపు. పట్టుకుంటే పాడైన బాదంపప్పు వాసన. ఇంకెక్కడా కనపడేది కాదు. సార్ దాన్ని భూతద్దం కింద పెట్టి గంటలు గంటలు చూసేవారు. కాళ్ళు చూస్తే ఒక వంశం, వీపు చూస్తే ఇంకో వంశం. దక్కనులో దొరికే దేనితోనూ పూర్తిగా కలవదు. "ఏ ఇంటి పిల్లనో తెలుస్తలేదు. తప్పిపోయిన పిల్ల లెక్క ఈడొచ్చి కూసుంది," అనేవారు.

ఆ వైపు గొర్రెలు మేపే ఒకామె మమ్మల్ని చూసి ఆగింది ఒకసారి. "ఏం దేవులాడుతున్నరు సారూ, లంకెబిందెలా?"

"రోకలిబండలమ్మా."

"అయ్యో, మా ఇంటెనక తట్టెడున్నయి. కొంచవోండ్రి, పుణ్యముంటది!"

సార్ పడీ పడీ నవ్వారు. ఆమె మాత్రం నవ్వలేదు, నిజంగానే పట్టుకుపొమ్మంది. ఆ తర్వాత ఎప్పుడు వెళ్ళినా ఆమె కోసం మేడం ఒక పొట్లం పులిహోర విడిగా కట్టి తెచ్చేది.

దొరికిన తెల్లవాటిని సార్ కాలేజీకి తెచ్చి గాజు సీసాలో ఫార్మలిన్ పోసి దాచేవారు. మా జువాలజీ వాళ్ళందరి అలవాటు అదే. ప్రాణమున్న దేన్ని తెచ్చినా చివరికి ఆ ఘాటు నీళ్ళలో మునగాల్సిందే. దసరా ముందు రోజు ల్యాబ్‌లో ఆయుధపూజ జరిగేది. మైక్రోస్కోపులకు పసుపూ కుంకుమ బొట్లు, బల్లలకు బంతిపూలు. పూజయ్యాక సార్ ఒక్కో సీసా మూత తీసి, పాత ఫార్మలిన్ వంపేసి, కొత్తది నింపేవారు. "మనకు కొత్త బట్టలు, వీటికి కొత్త నీళ్ళు," అనేవారు. కళ్ళు మండి నీళ్ళు కారుతున్నా ఆ పని అటెండర్‌కి ఇచ్చేవారు కాదు. తెల్లవాటి సీసా ఆఖర్న. దానికి మాత్రం చామంతి పువ్వు.

డిగ్రీ అయ్యాక నేను హైదరాబాదులో ఎమ్మెస్సీ చేసి, అక్కడే ఒక పరిశోధన ల్యాబ్‌లో చేరాను. పురుగుల మైటోకాండ్రియా జీనోములు చదవడం మా పని. మీకు తేలిగ్గా చెప్తాను. ప్రాణి ఒంట్లో ప్రతి కణంలోనూ శక్తి తయారుచేసే చిన్న చిన్న సంచులుంటాయి. వాటికి తమ సొంత డీఎన్ఏ ఉంటుంది, చిన్న గాజులా గుండ్రంగా. సుమారు పదిహేనువేల అక్షరాలు, ముప్పై ఏడు జన్యువులు. కణమొక్కింటికి అలాంటివి వందలు వందలు ఉంటాయి కాబట్టి పట్టుకోవడం సులువు. రెండు జీవుల గాజులను పక్కపక్కన పెట్టి, అక్షరాల్లో ఎంత తేడా వచ్చిందో, జన్యువులు ఏ వరుసలో ఉన్నాయో చూస్తే ఎవరికెవరు దగ్గరో తెలుస్తుంది.

ఈ సంగతి సార్‌కి చెప్పిన రోజు ఆయన మొహం చూడాలి మీరు! కుర్చీలోంచి లేచి అటూ ఇటూ తిరిగారు. వరుస సంగతి ఆయనే నాకు తిరిగి వివరించారు. "కండక్టర్ చివ్వెంల, మునగాల, కోదాడ అని పిలుస్తడు గదా. ఒకడు మునగాల ముందు పిలిచి తర్వాత చివ్వెంల అన్నడనుకో, తికమక పడ్డడు అనుకుంటం. ఇద్దరు అదే తికమక పిలిస్తె? ఇద్దరు ఒక్క గురువు కాడనే నేర్సుకున్నట్టు. అంతేనా?" అంతే. నాకు ఏడాది పట్టింది అర్థం కావడానికి, ఈయనకి చాయ్ చల్లారేంతలో అయిపోయింది. ఏం మనిషో!

మొదట సార్ వాళ్ళ పెరట్లో దొరికిన మామూలు నల్ల రోకలిబండనే తీసుకున్నాం. దాని గాజు మొత్తం చదవడం పూర్తయిన రోజు సార్ కాలేజీలో అందరికీ మిర్చిబజ్జీలు తెప్పించారు. ప్రిన్సిపాల్‌తో సహా ఎవరికీ ఎందుకో తెలియదు, అందరూ తిన్నారు. ఆ తర్వాత గోధుమరంగుది, పసుపు గీతలది. కాగితం మీద చుట్టరికాల చెట్టు గీశాం. కొమ్మకొమ్మకూ ఒక పేరు. ఒక్క తెల్లదానికే చోటు తెలియదు. చెట్టు పక్కన విడిగా, ఏ కొమ్మకూ అతకకుండా, సార్ పెన్సిలుతో చిన్న తెల్ల రోకలిబండ బొమ్మ వేశారు. "దీని చుట్టాలను చూపించి నన్ను పంపియ్యి బిడ్డా," అన్నారు, నవ్వుతూనే.

ఆ దసరాకి నేను సూర్యాపేట వెళ్ళేసరికి ఆయుధపూజ నడుస్తోంది. సార్ తెల్లవాటి సీసా మూత తీసి, కొత్త ఫార్మలిన్ పోయబోతున్నారు. అప్పుడు చెప్పాల్సి వచ్చింది నాకు.

"సార్, ఆగండి. ఫార్మలిన్‌లో ఉన్నవాటి నుంచి డీఎన్ఏ సరిగ్గా రాదు సార్."

"రాదంటే?"

"ముక్కలు ముక్కలైపోతుంది. మిగిలింది మాంసానికి అతుక్కుపోతుంది. ఎన్నాళ్ళుంటే అంత పాడవుతుంది. స్పిరిట్‌లో పెట్టాలి."

ఆయన చేతిలో సీసా అలాగే ఉంది. "కొత్తది పోస్తె?"

"ఇంకా పాడు సార్."

"అంటే నేను ప్రతి దసరాకు..." అని ఆగిపోయారు. నేను తల ఊపాను. ఏం చేయను, అబద్ధం చెప్పలేను కదా. ఆయన మూత బిగించి, సీసాను బంతిపూల మధ్యన పెట్టి, బల్లను పట్టుకుని నిలబడ్డారు. "మాకు నేర్పినోళ్ళు గిట్లనే నేర్పిన్రు. ఎంత మంచిగ దాస్తున్ననో అనుకున్న," అన్నారు. నాకు ఆ క్షణాన నేను చదివిన చదువంతా ఎత్తి మూసీలో పారెయ్యాలనిపించింది.

సరే, స్పిరిట్ తెచ్చి మళ్ళీ వానలకు గుట్టకు వెళ్దాం అనుకున్నాం. కానీ కాలేజీకి గట్టి స్పిరిట్ కావాలంటే ఆబ్కారీ ఆఫీసు పర్మిషన్ కావాలి. సార్ తిరిగారు, తిరిగారు. రేపు రమ్మంటారు, సంతకం కావాలంటారు. ఈలోగా వానలు వచ్చేశాయి. అప్పుడు మా సార్ చేసిన పని తెలిస్తే మీరు నవ్వాలో ఏడవాలో తెలియక తికమక పడతారు. జన్మలో మందు ముట్టని మనిషి, సంచీ పట్టుకుని వైన్ షాపు ముందు లైన్లో నిలబడ్డారు. లైన్లో ముందున్నవాళ్ళు సగం మంది ఆయన పాత విద్యార్థులే! "అరే జరుగుండ్రా, సార్ వచ్చిండు, సార్‌కు ముందు ఇయ్యిరి!" అని దారి ఇచ్చారట. సార్ కౌంటర్ దగ్గరకు పోయి, "అన్నిట్ల ఘాటు ఏదుంటె అది ఇయ్యి నాయనా," అన్నారట. సాయంత్రానికల్లా ఊరంతా పాకింది.

మేడం నాకు ఈ కథ చెప్పి నెత్తి కొట్టుకుంది. "పక్కింటామె వచ్చి నన్ను ఓదారుస్తది, ఏం దుఃఖముందో పాపం అని! పురుగులకు తాపుతున్నరమ్మా అంటె నమ్మదు!"

షాపువాళ్ళిచ్చిన రమ్ములో సగం కంటే ఎక్కువ నీళ్ళే ఉంటాయి. నన్నొక్క మాట అడిగి ఉంటే చెప్పేదాన్ని. నన్ను ఆశ్చర్యపరుద్దామని అడగలేదట. ఆ ఏడు దొరికిన తెల్లవాటినన్నిటినీ అందులో వేసి, ఎండలో బస్సెక్కి హైదరాబాదు తెచ్చారు. మూత తీస్తే అన్నం గంజి. కాలూ వీపూ ఏదీ తెలియలేదు. ఎంత ప్రయత్నించినా దాంట్లోంచి చదవగలిగింది ఏమీ రాలేదు. సార్ ల్యాబ్ బయట బెంచీ మీద కూర్చుని, "స్పిరిట్ అంటె స్పిరిటే అనుకున్న," అన్నారు. కోప్పడదామని బయటికొచ్చిన నేను ఆ మొహం చూసి నీళ్ళ గ్లాసు చేతికిచ్చి ఊరుకున్నాను.

మరుసటి ఏడు పర్మిషన్ వచ్చింది. అసలైన స్పిరిట్ డబ్బాతో ముగ్గురం కోదాడలో కలుసుకుని, హుజూర్‌నగర్ మీదుగా మఠంపల్లి వెళ్ళాం. దూరం నుంచే గుట్ట ఆకారం మారిపోయినట్టు కనపడింది. దగ్గరికెళితే సగం లేదు. పగుళ్ళున్న వైపే లేదు. తెల్లటి గోడలా నిలువునా కోసి ఉంది. కింద పొక్లెయిన్లు, దుమ్ములో లారీలు. గొర్రెలామె దారి పక్కన కనిపించింది. సార్ ఏదో అడగబోయే లోపలే, "ఆ గుట్టా? లారీలెక్కి పోయింది సారూ," అంది.

ఎవరిని తిట్టాలి? మఠంపల్లి, మేళ్లచెరువు వైపు ఎన్ని ఇళ్ళు ఆ రాయి మీద బతుకుతున్నాయో నాకు తెలుసు. మా మేనమామ మేళ్లచెరువులో సిమెంటు లారీ తోలి పిల్లల్ని చదివించాడు. నేను కట్టుకున్న ఇంటి గోడలు మాత్రం దేంతో కట్టారు? మేడం పులిహోర పొట్లం గొర్రెలామెకి ఇచ్చింది. సార్ మిగిలిన సగం గుట్ట ఎక్కుతానన్నారు. కాపలా మనిషి పరుగెత్తుకొచ్చి, "బ్లాస్టింగ్ ఉంది సార్, దిగుండ్రి, జర చెప్తె ఇనుండ్రి," అని చెయ్యి పట్టుకుని దింపాడు. సాయంత్రం వరకూ దూరంగా నిలబడ్డాం. ఎందుకు నిలబడ్డామో తెలియదు.

ఆ తర్వాత ప్రతి వానాకాలం వెతికాం. పాలకీడు వైపు గుట్టలు, కృష్ణ ఒడ్డు రాళ్ళు, పాడుబడ్డ క్వారీ గుంతలు. నల్లవి, గోధుమవి, పసుపు గీతలవి దండిగా దొరికాయి. తెల్లది ఒక్కటంటే ఒక్కటి దొరకలేదు. లోకంలో వాటికి మిగిలింది ఫార్మలిన్‌లో ఉన్న ఆ ఒక్క సీసానే.

సార్ రిటైరయ్యాక ప్రిన్సిపాల్‌ని అడిగి ఆ సీసాని ఇంటికి తెచ్చుకున్నారు. "పచ్చళ్ళ పక్కకు పెట్టకుండ్రంటె ఇనరు," అని మేడం రోజూ గోల. దాంట్లోంచి ఒక్కొక్క పురుగును స్పిరిట్‌లోకి మార్చి నాకు పంపేవారు. నేను కడిగి, నానబెట్టి, వేడిచేసి, నాకు తెలిసిన విద్యలన్నీ ప్రయోగించేదాన్ని. ఏమీ వచ్చేది కాదు. మా ల్యాబ్ పెద్దాయన, "ఇక వదిలెయ్ అమ్మా, అది చచ్చిన పాము," అన్నారు. నేను వదల్లేదు. పట్టుదల అనుకోకండి. సార్ ఫోన్ చేసి, "ఏమన్న చెప్పిందా?" అని అడుగుతారు కదా, ఆ ప్రశ్నకు "వదిలేశాను" అనే జవాబు ఇచ్చే ధైర్యం లేకపోయింది.

"ఏమన్న చెప్పిందా బిడ్డా?"

"లేదు సార్."

"కోపమొచ్చి ఉంటది. మందుల ముంచి ముంచి సంపితి గదా."

ఒక్కోసారి ఒళ్ళు మండి, "నన్నడక్కండి సార్, వస్తే నేనే చెప్తాను కదా!" అని అరిచేదాన్ని. అటువైపు, "మంచిది, మంచిది," అనేవారు. వారానికి మళ్ళీ అదే ప్రశ్న.

తర్వాత సార్ కిడ్నీలు పాడయ్యాయి. డయాలిసిస్ అన్నారు. మేడం తమ్ముడిది మిర్యాలగూడ, దవాఖానకి నాలుగడుగుల దూరంలో ఇల్లు. అక్కడికి మారారు. నేను వెళ్ళినప్పుడల్లా ఇంకొంచెం తగ్గిపోయి కనిపించేవారు. రెండు చేతులా రోకలిబండలు పట్టి రాళ్ళ మీద గెంతిన మనిషి మంచం మీద పక్కకు తిరగడానికి మేడం భుజం పట్టుకునేవారు. డాక్టర్లు వాళ్ళు చేయగలిగింది చేస్తున్నారు. నేను చేయగలిగింది కూడా ఏదో ఉందని ఆయన నమ్మకం. ఆ నమ్మకాన్ని చూస్తే భయమేసేది.

ఈ ఎండాకాలంలో మా ల్యాబ్‌కి కొత్త యంత్రం వచ్చింది. చిన్న చిన్న ముక్కల్ని కూడా చదవగలదు. సార్ ఆఖరున పంపిన పురుగు నుంచి తీసినది అందులో పెట్టాను. ఈసారి ఖాళీ రాలేదు. అక్షరాలు వచ్చాయి, కొద్దిగానే, వందకి కొంచెం పైన. అయినా చాలు, ఏ కొమ్మ మీద కూర్చోబెట్టాలో చెప్పడానికి అన్ని చాలు. లోకంలో ఇప్పటిదాకా చదివిన ప్రాణులన్నిటి అక్షరాలూ దాచి ఉంచిన చోట పోల్చి చూడమని అడిగాను. జవాబు వచ్చింది.

మనిషి.

అది రోకలిబండ కాదు. ఎవరి వేలి నుంచో, చెమట నుంచో పురుగుకి అంటుకున్న మనిషి డీఎన్ఏ. మా పనిలో జరిగేదే. ఇలాంటప్పుడు పట్టుకోవడానికి ల్యాబ్‌లో అందరి అక్షరాలూ ముందే చదివి పెట్టుకుంటాం. పోల్చాను. నావి కాదు, మా వాళ్ళెవరివీ కాదు. మా అందరితోనూ ఒక అక్షరం దగ్గర తేడా ఉంది. పురుగు ఇక లేదు, సీసా ఖాళీ, గుట్ట లేదు. ఆ తెల్లది ఎవరి పిల్లో ఇక ఎప్పటికీ ఎవరూ చెప్పలేరు.

ఫోన్లో చెప్పలేక కాగితం మీద ఆ అక్షరాలు అచ్చు తీసుకుని మిర్యాలగూడ వెళ్ళాను. సార్ దవాఖానలో మంచం మీద ఉన్నారు. చేతికి గొట్టాలు, పక్కన యంత్రం తిరుగుతోంది. నన్ను చూడగానే కళ్ళతోనే అడిగారు.

"వచ్చింది సార్. కానీ తెల్లది కాదు. మనిషిది వచ్చింది."

అర్థం కావడానికి కొంచెం సేపు పట్టింది. నవ్వుతారనుకున్నాను, నవ్వలేదు. "ఖతమేనా ఇగ?" అన్నారు. "ఖతమే సార్," అన్నాను. నేను మంచం కమ్మీ పట్టుకుని ఏడ్చాను. చదువుకున్నాను, యంత్రాలున్నాయి, ఇన్నేళ్ళున్నాయి, ఈ ఒక్క మనిషి అడిగిన ఒక్క చిన్న ప్రశ్నకు జవాబు తేలేకపోయాను.

కాసేపటికి సార్ గొంతు వినిపించింది. "ఎవ్వలిది మరి?"

"మా ల్యాబ్ వాళ్ళది కాదు సార్. సీసా ముట్టినవాళ్ళది ఎవరిదో."

"సీస నేను తప్ప ఎవ్వలు ముట్టలే. ఉత్త చేతుల్తోనే తీస్తుంటి. మీ మేడంనైతే దాని పక్కకు సుత రానీయకపోతి." ఆగి, ఊపిరి తీసుకుని, "అంటే నాదేనా?" అన్నారు.

"అయ్యుండొచ్చు సార్. ఖాయంగా చెప్పలేను. ఆ ఒక్క అక్షరం తేడా కూడా ఫార్మలిన్ వల్ల వచ్చిన పాడు కావచ్చు."

"ఈ గాజు తల్లి కాడ్నించే వస్తది గదా, తండ్రి నుంచి రాదు?"

"అవును సార్. తల్లి నుంచే."

అప్పుడాయన అంతకుముందు ఎప్పుడూ నాకు చెప్పని మాట చెప్పారు. "మా అమ్మ నేను పాలు తాగేటప్పుడే పోయింది. మా పెద్దమ్మ సాదింది. ఫొటో లేదు. ఎట్లుంటుండెనో చెప్పేటోళ్ళు సుత ఎవ్వలు లేరు ఇగ." చెయ్యి చాచారు. కాగితం ఇచ్చాను. కళ్ళజోడు లేదు, అక్షరాలు కనపడలేదు. తిరిగి నా చేతికే ఇచ్చారు.

"చదువు."

"ఏం చదవాలి సార్? నాలుగు అక్షరాలే, అవే అటూ ఇటూ."

"అవే చదువు బిడ్డా."

కళ్ళు తుడుచుకుని మొదలుపెట్టాను. "ఏ... సీ... టీ... టీ... ఏ... జీ..." నర్సు వచ్చి ఏదో అనబోతే సార్ గొట్టాలు లేని చెయ్యి కొంచెం ఎత్తి ఆగమన్నారు. ఆ అమ్మాయి ఆగింది. గుమ్మం దగ్గర మేడం చేతిలో గ్లాసుతో నిలబడిపోయింది. సార్ కళ్ళు మూసుకున్నారు. ఒక వరుస అయిపోయి ఆగాను.

"ఊఁ," అన్నారు.

రెండో వరుస మొదలుపెట్టాను.